చర్చ: అత్తయ్యకు నిద్రలో పేలుడు శబ్దం. స్కాన్ తీయించాలా, వద్దా?

కాకినాడ కోడలు:
మా అత్తయ్యకు 62 ఏళ్లు. కొన్నాళ్లుగా సరిగ్గా నిద్ర పట్టబోయే సమయానికి పెద్ద చప్పుడు వినిపించి ఉలిక్కిపడి లేస్తున్నారు. "సిలిండర్ పేలిందే" అంటూ వంటింట్లోకి వెళ్లి, రెగ్యులేటర్ కట్టేసి ఉందో లేదో చూసి, స్టవ్ దగ్గర వంగి వాసన చూసి వస్తారు. ఒక్కోరాత్రి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలిందంటారు. చూస్తే పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. మాకెవరికీ ఏ చప్పుడూ వినపడదు. నొప్పి మాత్రం లేదు. నరాల డాక్టరు మోకాళ్ల మీద సుత్తితో కొట్టి చూశారు, కళ్లలో లైటు వేశారు, ఫిట్స్ గురించి అడిగారు. చివరికి "ఎక్స్‌ప్లోడింగ్ హెడ్ సిండ్రోమ్, ప్రమాదం లేదు, స్కాన్ అక్కర్లేదు" అన్నారు. టెక్సస్‌లో ఉన్న మా మరిది మాత్రం ఎమ్మారై స్కాన్ తీయించాల్సిందే, డబ్బు తనిస్తానని రోజూ వాళ్లమ్మకు ఫోన్. మీరేమంటారు?

ప్రవాసి ఫణి:
తీయించండి. ఇందులో అడగడానికేముంది? తలలో బాంబు పేలినట్టుంటే సుత్తితో మోకాలు కొట్టి పంపేస్తారా?

మందుల షాపు మాస్టారు:
అమ్మా, డాక్టరు సరిగ్గానే చెప్పారు. పేరు భయంకరంగా ఉంటుంది కానీ తలకేమీ కాదు. 1988లో పియర్స్ అనే ఇంగ్లండు న్యూరాలజిస్టు ఆ పేరు పెట్టారు. అంతకు ముందే 1876లో అమెరికాలో వైర్ మిచెల్ అనే డాక్టరు ఇలాంటి కేసులు రాసి ఉంచారు. నిద్రలోకి జారేటప్పుడు మెదడు చూపును, వినికిడిని, కదలికను ఒక్కొక్కటిగా సద్దుమణిగించాలి. ఆ వేళ వినికిడి భాగం అణగకుండా ఒక్కసారిగా రేగుతుందని ఊహ. చూడాల్సింది నొప్పి. నొప్పి లేదన్నారు, బాగుంది.

అమలాపురం అత్త:
దిష్టి తీసి ఎర్రనీళ్లు మూడు దారుల్లో పోయండి. డాక్టరు దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు.

సౌండ్ సురేష్:
రాత్రి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి చూశారా? మా అటక మీద ఎలుకలు పాత డబ్బాలు పడేస్తే తుపాకీ పేలినట్టే ఉండేది.

కాకినాడ కోడలు:
పెట్టాం సురేష్ గారూ. ఫ్యాన్ చప్పుడు, ఆ తర్వాత ఆవిడ "ఏమిటా చప్పుడు!" అనడం. అంతే.

సౌండ్ సురేష్:
ఫోన్ ఎక్కడ పెట్టారు? దిండు కింద పెడితే పెద్ద చప్పుడు కూడా సరిగ్గా రాదు.

ప్రవాసి ఫణి:
మాస్టారూ, "ఊహ" అని మీరే రాశారు. కారణం తెలియని జబ్బుకి ప్రమాదం లేదని ఎలా చెప్తారు?

మందుల షాపు మాస్టారు:
ఆవలింత ఎందుకొస్తుందో కూడా పూర్తిగా తేలలేదు బాబూ. దానికీ స్కాన్ తీస్తామా? కారణం తేలకపోయినా, ఇది ఉన్నవాళ్లని ఏళ్ల తరబడి చూసి చెప్పేదే ప్రమాదం లేదన్న మాట.

బీటెక్ బాచి:
నాకూ వస్తుంది! పరీక్షల ముందు, నిద్ర చాలనప్పుడు. తలుపు ధడేల్‌మని వేసినట్టు. ఒకసారి కళ్లలో మెరుపు కూడా. పిచ్చనుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

పుస్తకాల పురుగు:
బాచీ, నువ్వొక్కడివే కాదు. 2015లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో 211 మంది కాలేజీ విద్యార్థులను అడిగితే 18 శాతం మంది ఒక్కసారైనా వచ్చిందన్నారు. 1619 నవంబరులో డెకార్ట్ అనే ఫ్రెంచి తత్వవేత్త నిద్రలో ఉరుము లాంటి చప్పుడు విని లేచి, గదినిండా నిప్పురవ్వలు చూశాడట. అదీ ఇదేనేమోనని కొందరు డాక్టర్ల అనుమానం.

ప్రవాసి ఫణి:
కాలేజీ పిల్లల లెక్క 62 ఏళ్ల ఆవిడకి ఎలా సరిపోతుందండీ? ఒక్క ఎమ్మారైకి ఎందుకింత పట్టుదల? డబ్బు ఆ మరిది ఇస్తానంటున్నాడుగా!

మందుల షాపు మాస్టారు:
డబ్బు సంగతి కాదు. మా ఇంటావిడకీ ఇలాగే చప్పుళ్లొస్తే, విదేశంలో ఉన్న మావాడు ఫోన్‌లోనే స్కాన్ బుక్ చేశాడు. రిపోర్టులో మెదడులో చిన్న చిన్న తెల్లమచ్చలు అని రాశారు. వయసుతో చాలామందికి వచ్చేవే. ఆవిడ ఆ కాగితం దిండు పక్కన పెట్టుకుని నిద్రే మానేసింది. నిద్రమాత్రలు మొదలయ్యాయి. ఎవరో భయపెడితే ఒక్కసారిగా ఆపేసింది. అంతే, చప్పుళ్లు రెట్టింపు. ఆ రకం మాత్రలు ఠక్కున మానేస్తే ఇవి రేగుతాయని పుస్తకాల్లోనే ఉంది. ఈ గొడవంతా చూసింది నేను, స్కాన్ బుక్ చేసినవాడు కాదు.

ప్రవాసి ఫణి:
అలా చెప్పండి. మీ కోపం స్కాన్ మీద కాదు, మీ అబ్బాయి మీద. దూరాన ఉన్న కొడుకంటే డబ్బు పంపడానికే తప్ప నోరు విప్పడానికి పనికిరాడా? మా అమ్మ గుంటూరులో ఒక రాత్రి తల పగిలిపోతోందని నాకు ఫోన్ చేసింది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అన్నారు, పడుకుంటే తగ్గుతుందన్నారు. నేను ఆసుపత్రికి తీసుకెళ్లమని అరిచినా "అక్కడ కూర్చుని నీకేం తెలుస్తుంది" అన్నారు. తెల్లారేసరికి లేదు. మెదడులో రక్తస్రావం. కాబట్టి నాకు చెప్పకండి.

మందుల షాపు మాస్టారు:
ఫణి బాబూ, చాలా బాధగా ఉంది. మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం, ఆ రాత్రి వెంటనే వెళ్లాల్సిందే. నిమిషం లోపలే భరించలేనంతగా పెరిగే తలనొప్పి వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికే. అక్కడ మొదట తీసేది మామూలుగా సీటీ స్కాన్. కానీ అమ్మగారికి ఉన్నది నొప్పి. ఈవిడకి చప్పుడే తప్ప నొప్పి లేదు. రెండూ ఒకటి కావు.

ప్రవాసి ఫణి:
మా ఇంట్లోవాళ్లూ ఇలాగే తేల్చి చెప్పారు.

కాకినాడ కోడలు:
ఫణి గారూ, అమ్మగారి విషయం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ ఒక మాట. నేను గ్యాస్ అని పడుకోబెట్టలేదు, నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బీపీ మాత్రలు, షుగర్ పరీక్ష, రాత్రి ఆవిడతో పాటు లేచి వంటిల్లు చూడటం, అన్నీ నేనే. మా మరిది ఒక్కసారైనా నాకు ఫోన్ చేసి "వదినా, డాక్టరేమన్నారు" అని అడగలేదు. నేరుగా స్కాన్ సెంటర్‌కి డబ్బు కట్టేసి, టైమ్ నాకు మెసేజ్ పెట్టాడు. నాకు మండింది అక్కడ.

రైతుబిడ్డ:
ఇదీ అసలు గొడవ.

సౌండ్ సురేష్:
ఫోన్ దిండు కిందా, బల్ల మీదా? అది తేలకుండా చప్పుడు లేదని ఎలా అంటారు?

లలిత, హనుమకొండ:
ఇంతమంది మాట్లాడిండ్రు గాని, ఇంతకీ మీ అత్తమ్మ ఏమంటోంది?

కాకినాడ కోడలు:
డాక్టరు ఇది చాలామందికి వచ్చేదే అన్నాక ఆవిడకి సగం భయం పోయిందండీ. మునుపటంత తరచుగా లేవడం లేదు. స్కాన్ మాటెత్తితే "వాడి తృప్తి కోసం తీయించుకుంటాను, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే వాణ్ణే వచ్చి దగ్గరుండి తీయించమను" అంటున్నారు.

ప్రవాసి ఫణి:
అనడం తేలికే. ఇప్పుడు వీసా స్టాంపింగ్‌కి ఇండియా వస్తే మళ్లీ తిరిగి వెళ్లగలమో లేదో తెలియని పరిస్థితి. ఉద్యోగం, ఇంటి లోను, పిల్లల స్కూలు. ఆయన వీసా కష్టాలు మీకేం తెలుసు?

కాకినాడ కోడలు:
మా మరిదికి గ్రీన్ కార్డు ఉందండీ.