క్రైస్తవ సంఘాలు, ఇతర మత సమూహాలు: దేన్ని ఏ పేరుతో రాయాలి?

గ్రంథసూచి:
ప్రపంచ మతాల మీద ఒక తెలుగు పదసూచిక తయారవుతోంది. కాథలిక్, బాప్టిస్టు, పెంతెకొస్తు, సున్నీ, సూఫీ, అష్కెనాజీ... అన్నిటికీ 'శాఖ' అని పెడితే సరిపోతుందా? 'తెగ' అనవచ్చా? ఆర్థడాక్స్‌ను కొందరు 'సనాతన' అని, కొందరు 'ఛాందస' అని రాస్తున్నారు. ఏది వాడాలి?

నిఘంటుప్రియ:
'తెగ' వద్దండీ, అది జాతికీ వంశానికీ చెందిన మాట. 'శాఖ' మంచిదే గాని, మీ జాబితాలో ఉన్నవన్నీ ఒకే కోవకు చెందవు. చిక్కంతా అక్కడే ఉంది. ఒక్కో పేరును ఇలా పరీక్షించండి: దానికి సభ్యత్వం ఉందా? బోధకులను తానే అభిషేకించి నియమిస్తుందా? పాలన తనదేనా? మూడూ ఉంటే అది సంఘం, అంటే డినామినేషన్. ఏదీ లేకపోతే అది ఉద్యమమో, ఆరాధనా క్రమమో, ఆలోచనా ధోరణో అయివుంటుంది.

లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, పెంతెకొస్తు అనేవి కుటుంబాల పేర్లు. ఒక్కో కుటుంబంలో వేర్వేరు పాలన ఉన్న సంఘాలు ఎన్నో. బాప్టిస్టుల్లో స్థానిక సంఘమే స్వతంత్రం కాబట్టి 'బాప్టిస్టుల మతాధిపతి' అని ఎవరినీ రాయడానికి వీల్లేదు. ప్రెస్బిటేరియన్లను పెద్దల సభలు నడుపుతాయి, ఆంగ్లికన్లకు బిషప్పులుంటారు. 'ఎవాంజెలికల్' సంఘం పేరు కాదు, చాలా సంఘాల్లో కనిపించే ధోరణి. పైగా జర్మన్‌లో 'ఎవాంగెలిష్' అంటే స్థూలంగా ప్రొటెస్టెంటు అనే అర్థం, అక్కడి వార్తలు తెలుగులోకి తెచ్చేటప్పుడు జాగ్రత్త. 'కరిస్మాటిక్' కూడా ఉద్యమమే, 1967 నుంచి కాథలిక్కుల్లోనూ ఉంది. పెంతెకొస్తుకు మాత్రం సొంత సంఘాలున్నాయి. ఈ రెంటినీ కలిపేయడం తరచూ కనిపించే తప్పు.

ఇంకొకటి. కాథలిక్కులందరూ లాటిన్ (పశ్చిమ) సభవారు కారు. పోపుతో ఐక్యంగా 23 తూర్పు కాథలిక్ సభలున్నాయి: మారొనైట్, ఉక్రేనియన్ గ్రీకు కాథలిక్, సిరో మలబార్ వంటివి. ఆరాధనా క్రమం వేరైనా వారూ పూర్తిగా కాథలిక్కులే.

తూర్పుగాలి:
ఆర్థడాక్స్‌ను అనువదించకండి. 'ఛాందస' అంటే నింద అవుతుంది. 'సనాతన' అంటే చదివేవారికి వేరే మతం గుర్తొస్తుంది. యూదుల్లోనూ ఆర్థడాక్స్ ఉన్నారు, ఆ ఆర్థడాక్స్‌కూ ఈ ఆర్థడాక్స్‌కూ సంబంధమే లేదు.

క్రైస్తవంలోనే ఆ పేరుతో రెండు కుటుంబాలున్నాయి. క్రీస్తులో దైవ, మానవ స్వభావాలు రెండున్నాయని 451లో కాల్సిడన్ మహాసభ చేసిన నిర్ణయాన్ని ఒప్పుకోనివి ఓరియంటల్ ఆర్థడాక్స్ సభలు: కోప్టిక్, అర్మేనియన్, సిరియాక్, ఇథియోపియన్, ఎరిట్రియన్, మలంకర. దాన్ని ఒప్పుకొని, తర్వాత రోముకు దూరమైనవి తూర్పు ఆర్థడాక్స్ సభలు: గ్రీకు, రష్యన్, సెర్బియన్ మొదలైనవి. ఆ చీలికకు 1054ను గుర్తుగా చెబుతారు గాని, అది ఒక్క ఏడాదిలో తెగిన బంధం కాదు. రెంటినీ 'ప్రాచ్య' అని రాస్తే ఇంత తేడా మాయమైపోతుంది. ఒకదానికి 'తూర్పు', రెండోదానికి 'ఓరియంటల్' అనే ఉంచండి.

ఓరియంటల్ వారిని 'మోనోఫిజైట్లు' (క్రీస్తుది ఒకే స్వభావం అనేవారు) అనకండి, తమది మియాఫిజైట్ విశ్వాసమని, అంటే దైవత్వం, మానవత్వం రెండూ ఏకమైన ఒకే స్వభావమని వారంటారు. అసీరియన్ తూర్పు సభవారికి 'నెస్టోరియన్లు' అన్నది బయటివారు తగిలించిన పేరు.

పలుకుబడి:
వివరణలో ఆయా సంఘాల వాళ్ల తెలుగే వాడాలని నా గట్టి అభిప్రాయం. కాథలిక్కులు శ్రీసభ (చర్చి), మేత్రాసనం (బిషప్పు పాలనా ప్రాంతం), విచారణ (పారిష్), జ్ఞానస్నానం, దివ్యబలిపూజ, పవిత్రాత్మ అంటారు. ప్రొటెస్టెంట్లు సంఘం, బాప్తిస్మం, ప్రభువు బల్ల, పరిశుద్ధాత్మ అంటారు. కాథలిక్ విచారణ గురించి రాస్తూ 'పాస్టరు బాప్తిస్మం ఇచ్చారు' అంటే పంటికింద రాయిలా తగులుతుంది.

గ్రంథసూచి:
చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. మరి మార్మన్లు, యెహోవా సాక్షులు? క్రైస్తవేతర సమూహాలకూ ఇదే పరీక్ష పనిచేస్తుందా?

నిఘంటుప్రియ:
'మార్మన్' అన్న పేరు వాడవద్దని 2018లో ఆ సంఘమే కోరింది. పూర్తి పేరు 'యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము'. 'యెహోవా సాక్షులు' 1931లో వారే తీసుకున్న పేరు, అలాగే రాయండి. వారు కూడుకునే చోటు రాజ్యమందిరం, చర్చి కాదు. ఈ రెండు సంఘాలూ త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే నమ్మకాన్ని) సంప్రదాయ రూపంలో అంగీకరించవు. వీటిని ప్రొటెస్టెంటు కింద చేర్చకుండా విడిగా పెట్టండి.

మిగతా మతాల్లో ఆ మూడు ప్రశ్నలు కొంతవరకే సాగుతాయి. సున్నీ, షియాలకు 'శాఖ' సరిపోతుంది. హనఫీ, మాలికీ, షాఫియీ, హంబలీ మాత్రం మజ్‌హబ్‌లు, అంటే ధర్మశాస్త్ర సంప్రదాయాలు. సూఫీని మూడో శాఖగా చూపడం పెద్ద పొరపాటు. అది ఆధ్యాత్మిక మార్గం, దాని తరీఖాలు (గురుపరంపరలు) ఎక్కువగా సున్నీల్లోనే ఉన్నాయి. అష్కెనాజీ, సెఫార్దీ అన్నవి యూదుల వంశాచారాలను చెబుతాయి. ఆర్థడాక్స్, కన్సర్వేటివ్, రిఫార్మ్ అన్నవే అక్కడ మతధోరణులు. బౌద్ధంలో థేరవాదాన్ని 'హీనయానం' అనకండి, ఆ మాటలోనే చిన్నచూపు ఉంది. జైనంలో 'తేరాపంథ్' దిగంబరుల్లో ఒకటి, శ్వేతాంబరుల్లో మరొకటి ఉన్నాయి. ఏ తేరాపంథో పక్కనే రాయాలి.

తూర్పుగాలి:
పాత పేర్లను పూర్తిగా తీసేయకండి. పాత పుస్తకాలు చదివేవారు 'నెస్టోరియన్' అనే వెతుకుతారు. ఆ పేరు దగ్గర వివరణ ఇవ్వకుండా 'చూ. అసీరియన్ తూర్పు సభ' అని మాత్రం పెట్టండి.