రక్షణ పొందిన విశ్వాసి మళ్ళీ మళ్ళీ పశ్చాత్తాపపడాలా?

వాక్యధ్యాని (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. ఈ మధ్య రెండు బోధలు ఎక్కువగా వినబడుతున్నాయి. ఒకటి: "సిలువలో క్రీస్తు మన గత, ప్రస్తుత, భవిష్యత్ పాపాలన్నీ క్షమించేశాడు. కాబట్టి రక్షణ పొందాక పాపాలు ఒప్పుకోవాల్సిన పని లేదు. అలా ఒప్పుకుంటూ ఉండటమంటే సిలువను అనుమానించడమే." రెండోది దీనికి పూర్తిగా ఎదురు. కూడిక (ఆరాధన కోసం విశ్వాసులు కలిసే సమావేశం) జరిగిన ప్రతిసారీ జనాన్ని ఏడిపించి, సరిగ్గా పశ్చాత్తాపపడలేదేమోనన్న భయంతో ఇంటికి పంపించే బోధ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పశ్చాత్తాపం విశ్వాసికి జీవితాంతం కావాలి. ప్రకటన గ్రంథం 2, 3 అధ్యాయాలు చూడండి. ప్రభువు ఏడు సంఘాలకు ఉత్తరాలు రాయించాడు. వాటిలో ఎఫెసు, పెర్గము, తుయతైర, సార్దీస్, లవొదికయ, ఈ ఐదింటినీ మారుమనస్సు పొందమన్నాడు, అంటే పశ్చాత్తాపపడి తిరగమన్నాడు. అవన్నీ సంఘాలే, అన్యజనుల గుళ్ళు కావు. 1517లో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ ప్రకటించిన 95 వాదాల్లో మొట్టమొదటిదే ఇది: విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలన్నది ప్రభువు ఉద్దేశం. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ అయితే 1767లో విశ్వాసుల పశ్చాత్తాపం మీదే ప్రత్యేకంగా ఒక ప్రసంగం రాశాడు.

మీరేమంటారు? వాక్యంతో మాట్లాడుకుందాం, వ్యక్తుల మీదికి వెళ్ళొద్దు.

కృపాబలం

వందనాలు బ్రదర్. మీరు చెప్పిన మొదటి బోధ వైపే నేను ఉన్నాను. అందుకని నా మాట కొంచెం ఓపికగా వినండి.

హెబ్రీయులకు 10:14 ప్రకారం క్రీస్తు ఒక్క అర్పణతో మనల్ని సదాకాలానికి సంపూర్ణుల్ని చేశాడు. రోమా 8:1 ప్రకారం ఆయనలో ఉన్నవాళ్ళకు ఏ శిక్షావిధీ లేదు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు "రక్షణ పొందడానికి నేనేం చేయాలి?" అని అడిగితే పౌలు చెప్పింది ప్రభువైన యేసునందు విశ్వాసముంచమనే. యోహాను తన సువార్తను మనం నమ్మి జీవం పొందాలనే రాశానన్నాడు, అయినా ఆ సువార్త మొత్తంలో మారుమనస్సు పొందమనే ఆజ్ఞ ఒక్కచోట కూడా లేదు. ఇక 1 యోహాను 1:9 అంటారా, "మాకు పాపమే లేదు" అనేవాళ్ళకు జవాబుగా రాసిన మాట అది. రోజూ లెక్క రాసుకుని అప్పజెప్పమని విశ్వాసికి ఇచ్చిన ఆజ్ఞ కాదు.

నేను పాపాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. ఏళ్ళ తరబడి అదే పాపాన్ని పదే పదే ఒప్పుకుంటూ, దేవుడు క్షమించాడో లేదో తెలియక నలిగిపోయేవాళ్ళను చూశాను. వాళ్ళకు కావలసింది ఇంకో పశ్చాత్తాప ప్రార్థన కాదు, సిలువ మీద ప్రభువు పలికిన "సమాప్తమైనది" అన్న మాట.

వాక్యధ్యాని

బ్రదర్, నలిగిపోయేవాళ్ళ గురించి మీరు చెప్పింది నిజం. కానీ మీరు చెప్పిన ఆ యోహానే అదే పత్రికలో 2:1 దగ్గర "నా చిన్నపిల్లలారా" అని పిలిచి, ఎవడైనా పాపం చేస్తే మనకు తండ్రి దగ్గర ఉత్తరవాది, అంటే మన తరఫున మాట్లాడేవాడు, ఉన్నాడంటాడు. ఆ మాట ఇంటి పిల్లలకు చెప్పింది. బయటివాళ్ళకు చెప్పింది అనుకోలేం. ఆయన సువార్తలోనే 13వ అధ్యాయం కూడా ఉంది. స్నానం చేసినవాడు పాదాలు కడుక్కుంటే చాలు అన్నాడు ప్రభువు. స్నానం ఒక్కసారే, పాదాలు మాత్రం మళ్ళీ మళ్ళీ. పరలోక ప్రార్థనలో "మా ఋణములు క్షమించుము" అనే మనవి ఉంది కదా. అది దేవుణ్ణి తండ్రీ అని పిలిచేవాడి నోటికి ఇచ్చిన ప్రార్థనే.

నిద్రలేని విశ్వాసి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కృపాబలం అన్న చెప్పిన నలిగిపోయేవాళ్ళలో నేనూ ఉన్నాను. ప్రార్థనలో కన్నీళ్ళు రాకపోతే నా పశ్చాత్తాపం నిజమైనదేనా అని టెన్షన్. వస్తే, అది భయంతో వచ్చిందా ప్రేమతో వచ్చిందా అని ఇంకో టెన్షన్. ఎంత పశ్చాత్తాపపడితే సరిపోతుంది?

వాక్యధ్యాని

సహోదరా, "ఎంత" అనే ప్రశ్నే మిమ్మల్ని నలిపేస్తోంది. పశ్చాత్తాపం క్షమాపణకు చెల్లించే వెల అయితేనే ఎంత అని అడగాలి. 1646 నాటి ప్రొటెస్టెంట్ సిద్ధాంత పత్రమైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం 15వ అధ్యాయం ఈ విషయంలో చాలా జాగ్రత్తగా మాట్లాడింది. పశ్చాత్తాపం పాపానికి పరిహారం కాదు, క్షమాపణకు కారణమూ కాదు, ఆ కారణం దేవుని ఉచిత కృపే అంటుంది. ఆ వెంటనే, అది లేకుండా ఎవరూ క్షమాపణ ఆశించడానికి లేదనీ అంటుంది. రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి వదిలేసి రెండోదే బోధించడం వల్లే మీలాంటివాళ్ళకు నిద్ర పట్టడం లేదు.

తప్పిపోయిన కుమారుడు దారిలో ఒక క్షమాపణ మాట సిద్ధం చేసుకున్నాడు. దాన్ని పూర్తిగా చెప్పనైనా లేదు, తండ్రి అప్పటికే పరుగెత్తుకొచ్చి మెడమీద పడ్డాడు. ఎన్ని కన్నీళ్ళు వచ్చాయని ఆ తండ్రి చూడలేదు. రోమా 2:4 ప్రకారం మనల్ని మారుమనస్సుకు నడిపించేది దేవుని దయే. భయం కాదు.

పాతనిబంధన విద్యార్థి

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మీ అందరి మాటల్లోనూ ఇద్దరే కనిపిస్తున్నారు, దేవుడూ నేనూ. నా పాపం వల్ల నష్టపోయినవాడు ఈ చర్చలో ఇంతవరకూ కనబడలేదు.

సంఖ్యాకాండం 5:6,7 చదవండి. ఒకడు సాటి మనిషికి ద్రోహం చేస్తే, తన పాపాన్ని ఒప్పుకోవాలి, అసలు తిరిగి ఇవ్వాలి, దానిమీద ఐదో వంతు కలపాలి. ఎవరికి? ఎవరి పట్ల తప్పు చేశాడో వాళ్ళకు. లేవీయకాండం 6లోనూ అదే క్రమం. అపరాధ పరిహారార్థ బలి తెచ్చే రోజే సొమ్ము సొంతదారుడి చేతికి చేరాలి. యేసు ప్రభువు దీన్ని కొట్టేయలేదు, ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. బలిపీఠం దగ్గర నీ సహోదరుడికి నీమీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు. మత్తయి 5:23,24. సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) అయిన జక్కయ్య అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు ఇస్తానన్నాడు. ఆ మాట తర్వాతే ప్రభువు "నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చింది" అన్నాడు.

మన కూడికల్లో పశ్చాత్తాపం అంటే కళ్ళు మూసుకుని చేసే ప్రార్థన. అప్పు ఎగ్గొట్టినవాడు ముందు వరుసలో మోకరించి ఏడుస్తాడు, అప్పు ఇచ్చినవాడు వెనక వరుసలో కూర్చుని అది చూస్తాడు. ప్రార్థన అయ్యాక ఇద్దరూ ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోతారు. దీన్ని మారుమనస్సు అనడానికి నాకు మనసొప్పడం లేదు.

కృపాబలం

అన్నా, మీ ఆవేదన అర్థమైంది. అయినా ఇది క్రియల వల్ల రక్షణ వైపు జారిపోతోందని నా భయం. కొన్ని విషయాలు అడుగుతాను.

యేసు పక్కన సిలువ మీద ఉండి రక్షణ పొందిన దొంగ ఏం తిరిగిచ్చాడు? దేవాలయంలో గుండెలు బాదుకున్న సుంకరి ఎవరికీ పైసా ఇచ్చినట్టు రాయలేదు, అయినా నీతిమంతుడిగా ఇంటికి వెళ్ళాడు. కీర్తన 51లో దావీదు "నీకు, కేవలం నీకే విరోధంగా పాపం చేశాను" అన్నాడు. అంటే పాపం చివరికి దేవుడికీ నాకూ మధ్య విషయమే కదా. పైగా డబ్బు తిరిగిచ్చినవాడు బైబిల్లో ఇంకొకడున్నాడు, యేసును డబ్బుకు అప్పగించిన యూదా ఇస్కరియోతు. ముప్పై వెండి నాణేలూ వెనక్కి ఇచ్చేశాడు, నిరపరాధి రక్తాన్ని అప్పగించానని ఒప్పుకున్నాడు కూడా. అతని సంగతేమిటి?

పాతనిబంధన విద్యార్థి

మంచి ప్రశ్నలు. దొంగతో మొదలుపెడతాను. అతని చేతులకు మేకులు కొట్టి ఉన్నాయి. మిగిలింది నోరొక్కటే. ఆ నోటితో చేయగలిగిందంతా చేశాడు. మనకు ఈ శిక్ష న్యాయమే అని అందరూ వినేలా ఒప్పుకున్నాడు, ప్రభువును దూషిస్తున్న రెండోవాణ్ణి గద్దించాడు, ఆయన ఏ తప్పూ చేయలేదని సాక్ష్యం చెప్పాడు. చేతులు విడిగా ఉన్నవాడికి అతను సాకు కాలేడు. సుంకరి విషయంలో ఆ ఉపమానం ప్రార్థన దగ్గరే ఆగుతుంది, మరునాడు అతనేం చేశాడో చెప్పదు. కానీ "మేమేం చేయాలి?" అని సుంకరులు బాప్తిస్మమిచ్చే యోహానును అడిగితే, నిర్ణయించినదానికి మించి వసూలు చేయొద్దన్నాడు. అది లూకాలోనే, 3వ అధ్యాయంలో ఉంది.

దావీదు దగ్గర ఇంకాసేపు ఆగాలి. కీర్తన 51 పైన ఉన్న శీర్షిక దాన్ని, ఊరియా భార్యను తీసుకుని ఊరియాను చంపించిన దావీదు దగ్గరికి ప్రవక్త నాతాను వచ్చిన సందర్భానికి ముడిపెడుతుంది. నాతాను దావీదు దగ్గర మొదలుపెట్టింది దేవుడి గురించి కాదు, పేదవాడి గొర్రెపిల్ల గురించి. నష్టపోయినవాణ్ణి ముందు నిలబెట్టాకే "ఆ మనిషివి నువ్వే" అన్నాడు. గొర్రెపిల్లకు నాలుగింతలు ఇవ్వాలని తీర్పు చెప్పింది దావీదే. ఊరియా అప్పటికే సమాధిలో ఉన్నాడు, అతనికి తిరిగివ్వడానికి ఏమీ లేదు. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని రాజు, తన పైన ఒక న్యాయాధిపతి ఉన్నాడని ఒప్పుకోవడం ఆ వచనంలో నేను చూస్తున్నాను. ఊరియా లెక్కలో లేడని కాదు. "యెహోవా నీ పాపాన్ని పరిహరించాడు" అని చెప్పిన నోటితోనే నాతాను, రాబోయే ఫలితాలనూ చెప్పాడు.

యూదా గురించి మీరన్నది చాలా బరువైన మాట. డబ్బు తిరిగివ్వడమే మారుమనస్సు కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ అతను ఎవరి దగ్గరికి వెళ్ళాడో చూడండి. కొనుక్కున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు, తాను అమ్మినవాడి దగ్గరికి వెళ్ళలేదు. పేతురూ అదే రాత్రి ప్రభువును ఎరుగనన్నాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత ఒడ్డున ఉన్నది ప్రభువని తెలియగానే పడవ ఆగేదాకా ఆగలేక నీళ్ళలోకి దూకాడు. 2 కొరింథీ 7:10లో పౌలు చెప్పిన రెండు రకాల దుఃఖాల (మారుమనస్సుకు నడిపేది, మరణానికి నడిపేది) మధ్య తేడా నాకు ఇక్కడే బాగా అర్థమవుతుంది.

ఒక సహోదరి

అన్నయ్యలారా, మీరు తప్పు చేసినవాడి వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను రెండో వైపు నుంచి అడుగుతాను.

భార్యను కొట్టే భర్త ఉన్నాడనుకోండి. కొట్టిన ప్రతిసారీ ఏడ్చి, కాళ్ళు పట్టుకుని, సంఘం ముందు సాక్ష్యం కూడా చెప్తాడు. పెద్దలు లూకా 17:4 చూపించి, రోజుకు ఏడుసార్లు వచ్చినా క్షమించమన్నాడు కదమ్మా, ఇంటికి వెళ్ళు అంటారు. ఆమె వెళ్ళకపోతే క్షమించని పాపం ఆమెదే అవుతుంది. ఇలాంటి చోట అతని పశ్చాత్తాపం ఆమె పాలిట ఆయుధం అవుతోంది. దీనికి మీ దగ్గర వాక్యం ఉందా?

పాతనిబంధన విద్యార్థి

ఉందమ్మా. ఆ పెద్దలు 4వ వచనం చదివి 3వ వచనం వదిలేశారు. అక్కడ ముందున్న మాట "అతణ్ణి గద్దించు" అని. గద్దించాల్సిన పెద్దలు గద్దించకుండా, క్షమించే భారం మాత్రం దెబ్బలు తిన్న ఆమె మీద పెట్టడం అన్యాయం. బాప్తిస్మమిచ్చే యోహాను మారుమనస్సుకు తగిన ఫలాలు ఫలించమన్నాడు. ఫలం కాయడానికి కాలం పడుతుంది. ఆమె మనసులో పగ వదిలేయడం వేరు, అతని చేతికందే దూరంలో మళ్ళీ కాపురం చేయడం వేరు. అతను నిజంగా మారాడా అన్నది తేలేదాకా ఆమె క్షేమంగా వేరే చోట ఉండటంలో ఏ పాపమూ లేదు. నిజంగా మారినవాడైతే ఆ దూరాన్ని తానే ఒప్పుకుంటాడు. "నేను ఏడ్చాను కదా, ఇంకా నమ్మవేం" అని గొడవపడేవాడు ఇంకా తనకేం కావాలన్నదే చూస్తున్నాడు.

కృపాబలం

సిస్టర్ చెప్పిన విషయంలో నాకు ఏ భిన్నాభిప్రాయమూ లేదు. అతన్ని చట్టానికి అప్పగించడం కూడా కృపకు విరుద్ధం కాదు.

నా అసలు మాట మాత్రం మార్చుకోను. వెళ్ళి సరిచేసుకోవడం క్షమాపణ పొందడానికి కాదు, క్షమాపణ పొందినవాడు కాబట్టి. జక్కయ్య ఆ మాట అనకముందే ప్రభువు అతన్ని పేరు పెట్టి పిలిచాడు, అతని ఇంటికి వెళ్ళాడు. ఈ వరుస తారుమారైతే సువార్తే మారిపోతుంది.

వాక్యధ్యాని

ఆ వరుస నాకూ ప్రాణమే. కానీ మీ మాట ప్రకారమే, ప్రభువు ఇంటికి వచ్చాక కూడా జక్కయ్య చేతిలోని సొమ్ము కదలకపోతే ఏమనాలి? విశ్వాసికి పశ్చాత్తాపం అవసరం లేదని బోధిస్తే సరిగ్గా ఈ ప్రశ్నే అడగకుండా పోతుంది. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది.

కతోలిక విశ్వాసి

మా వైపు నుంచి ఒక మాట. కనీసం ఏడాదికోసారి పాపసంకీర్తనం, అంటే గురువు (ఫాదర్) దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చేయాలని 1215లో నాలుగో లాటెరన్ మహాసభ నిర్ణయించింది. పశ్చాత్తాపం, పాపసంకీర్తనం, ప్రాయశ్చిత్తం, ఈ మూడింటినీ 1551లో ట్రెంట్ మహాసభ స్పష్టంగా చెప్పింది. మీలో చాలామంది దీన్ని ఒప్పుకోరని తెలుసు. కానీ నష్టపోయినవాడి గురించి ఇక్కడ అన్న మాట మా సత్యోపదేశంలోనూ (కతోలిక బోధల అధికారిక గ్రంథం) ఉంది, 1459వ పేరాలో. దొంగిలించినది తిరిగివ్వాలి, ఒకరి పేరు చెడగొడితే దాన్ని తిరిగి నిలబెట్టాలి. గురువు దగ్గర క్షమాపణ పొందినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు.

నా మటుకు నాకు, పాపాన్ని ఇంకో మనిషి వినేలా నోరు తెరిచి చెప్పడంలో ఒక మేలు కనిపిస్తుంది. మనసులో ఒప్పుకునేటప్పుడు మాటల్ని మెత్తబరుచుకుంటాం. పైకి చెప్పేటప్పుడు "మోసం" అనే మాట మోసం అనే రావాలి.

నిద్రలేని విశ్వాసి

మీ అందరికీ కృతజ్ఞతలు. పాతనిబంధన విద్యార్థి అన్నను ఒకటి అడగాలి. నేను నష్టం చేసిన ఆయన చనిపోయాడు. ఇన్నాళ్ళూ దేవుడి దగ్గర ఒప్పుకుంటున్నది ఆ విషయమే. ఇప్పుడు ఎవరికి తిరిగివ్వను?

పాతనిబంధన విద్యార్థి

సహోదరా, నేను పైన సంఖ్యాకాండం 5లో 7వ వచనం దగ్గర ఆపేశాను, మీ ప్రశ్న 8వ వచనంలో ఉంది. నష్టపోయినవాడికి తిరిగివ్వలేకపోతే అది అతని దగ్గరి బంధువుకు వెళ్ళాలి. ఆ బంధువు కూడా లేకపోతే, యెహోవాకు చెందినదిగా యాజకుడికి ఇవ్వాలి. చావుతో ఆ బాకీ రద్దు కాలేదు, అలాగని తీర్చే దారి కూడా మూసేయలేదు.

ముందు ఆయన కుటుంబంలో ఎవరున్నారో కనుక్కోండి. నేరుగా వెళ్తే వాళ్ళ గాయం మళ్ళీ రేగుతుందేమో చూసుకోండి. అలాంటప్పుడు ఇద్దరూ నమ్మే పెద్దమనిషి ద్వారా కబురు పంపించి, వాళ్ళు వినడానికి ఇష్టపడితేనే వెళ్ళండి. వెళ్తే సంజాయిషీలు వద్దు, చేసింది చేసినట్టు చెప్పండి. ఇవ్వాల్సింది ఇవ్వండి. క్షమించమని వాళ్ళను ఒత్తిడి చేయకండి. వాళ్ళు ఏమీ అనకపోయినా, కోపంగా తలుపు వేసుకున్నా, అది వాళ్ళ హక్కు. ఒంటరిగా వెళ్ళే ధైర్యం లేకపోతే ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, ఎలా చెప్పాలో కలిసి ఆలోచిద్దాం.