శాన్ హసింటో: ట్రామ్ ఉంది కదా అని నాన్నని శిఖరం దాకా తీసుకెళ్ళొచ్చా?

ఇర్వైన్_అబ్బాయి
అక్టోబర్ చివరి వారంలో అమ్మానాన్న ఇక్కడ కాలిఫోర్నియాలోనే ఉంటారు. పామ్ స్ప్రింగ్స్ ట్రామ్ (అంటే కొండ మీదకి వెళ్ళే రోప్‌వే) ఎక్కి, పై స్టేషన్ నుంచి శాన్ హసింటో శిఖరానికి ఒక్క రోజులో వెళ్ళొద్దామని ప్లాన్. శిఖరం 10,834 అడుగులు, పై స్టేషనే 8,516 అడుగుల మీద ఉంది. అంటే మనం ఎక్కాల్సింది 2,300 అడుగులే. పోనూ రానూ 11 మైళ్ళు. నాన్నకి 63. బీపీ, షుగర్ లేవు. రోజూ నడుస్తారు, పోయినేడు అలిపిరి మెట్లన్నీ ఎక్కి తిరుమల చేరారు. రద్దీ తప్పుతుందని శుక్రవారం సెలవు పెడదామనుకుంటున్నాను. మా ఆవిడ మాత్రం వద్దే వద్దంటోంది. మీరేమంటారు?

కొండదారి
నిక్షేపంగా తీసుకెళ్ళండి. అసలు ఆ ట్రామ్ కట్టిందే మామూలు మనుషుల కోసం. ఎడారి ఎండలో మాడుతూ పైన మంచు చూసిన ఓ ఇంజినీరు, ఫ్రాన్సిస్ క్రాకర్, 1935లోనే ఈ ఆలోచన చేశాడు. పూర్తయ్యేసరికి 1963 అయింది. అయిదు టవర్లలో నాలుగింటికి సామానంతా హెలికాప్టర్లలో మోశారు. వాళ్ళు అంత కష్టపడింది మనం పైకెళ్ళి కాఫీ తాగి, సెల్ఫీ తీసుకుని దిగిపోవడానికా? దారి బాగుంటుంది, బోర్డులుంటాయి. అరవై దాటినవాళ్ళు ఎంతోమంది ఎక్కుతుంటారు. రోజూ నడిచే మనిషిని వయసు చూపించి ఆపకండి.

పైన్‌నీడ
వయసు సంగతి తర్వాత, ముందు ఆ శుక్రవారం మార్చండి. మామూలుగా ట్రామ్ మొదటి కారు శని ఆదివారాల్లో పొద్దున 8కి, మిగతా రోజుల్లో 10కి. టైమింగ్స్ మారుస్తుంటారు కాబట్టి టికెట్ కొనేముందు చూసుకోండి. ఎటూ సెప్టెంబర్‌లో మెయింటెనెన్స్ కోసం కొన్ని వారాలు మూసేస్తారు, మీకు ఆ బెడద లేదు.

10 కారు ఎక్కితే పైన దిగేసరికి పదింపావు. స్టేషన్ వెనక సిమెంటు దారి మెలికలు తిరుగుతూ లాంగ్ వ్యాలీకి దిగుతుంది. అక్కడ రేంజర్ దగ్గర పర్మిట్ కాగితం నింపాలి, డబ్బులేం అక్కర్లేదు. అసలు నడక మొదలయ్యేసరికి 10:45. పైకి నాలుగు గంటలు, పెద్దాయనతో నాలుగున్నర వేసుకోండి. కొన మీద కాసేపు కూర్చుని లేచేసరికి మూడున్నర దాటుతుంది. దిగడానికి ఇంకో మూడు గంటలు. అక్టోబర్ చివర్లో ఆరింటికల్లా సూర్యుడు అస్తమిస్తాడు. పైగా ఆ దారి చాలావరకు కొండకి తూర్పువైపు. సూర్యుడు శిఖరం వెనక్కి జారగానే, అస్తమయానికి చాలా ముందే, నీడా చలీ రెండూ ఒకేసారి వచ్చి పడతాయి. ఇంత అయ్యాక చివర్లో పొద్దున దిగిన ఆ సిమెంటు దారి ఉంటుంది, ఈసారి ఎక్కాలి. దాన్ని తిట్టుకోకుండా ఎక్కినవాళ్ళని నేనింతవరకు చూడలేదు.

హెమెట్_నర్సు
అలిపిరి లెక్క ఇక్కడ పనికిరాదండీ. 3,550 మెట్లు ఎక్కడం గొప్పే, కానీ తిరుమల మూడు వేల అడుగుల లోపే ఉంటుంది. మన ఆంధ్రలో ఎంత ఎత్తయిన కొండైనా 1,700 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ ట్రామ్ దిగే చోటే 2,600 మీటర్లు. ఇర్వైన్‌లో సముద్రం పక్కన నిద్రలేచి, మూడు గంటల్లో అక్కడుంటారు. ఒంటికి అలవాటు పడే టైమే ఉండదు. ఎనిమిది వేల అడుగులు దాటితే కొంతమందికి తలనొప్పి, వికారం, తల తిరగడం వస్తాయి. ఎవరికొస్తాయో ముందే చెప్పలేం, ఫిట్‌నెస్‌తో సంబంధం లేదు. ఒకసారి మాతో వచ్చిన మారథాన్ కుర్రాడు, కొనకి ఇంకో పావు మైలు ఉందనగా, దారి చీలే చోట కూర్చుని వాంతి చేసుకున్నాడు. వెనక్కి దింపాక గంటలో మామూలైపోయాడు. దిగడమే మందు. అలిపిరిలో దారి పొడుగునా షెడ్డు, సోడాబండి, పైన బస్సు. ఇక్కడ దారి మధ్యలో వచ్చే వెల్‌మన్ డివైడ్ అనే కనుమ దగ్గర కాళ్ళు చేతులెత్తేస్తే మళ్ళీ ఆ కాళ్ళతోనే మూడు మైళ్ళు దిగాలి.

బ్రహ్మజెముడు
ట్రామ్ ఎక్కి సగానికి పైగా కొండని మింగేసి, మిగిలిన ముక్కకి "శిఖరం ఎక్కాను" అని పోస్టు పెట్టడం నాకెప్పుడూ నవ్వొస్తుంది. కింద పామ్ స్ప్రింగ్స్ నుంచి స్కైలైన్ దారిలో రండి, పది వేల అడుగుల పైన ఎక్కాలి. అప్పుడు మాట్లాడుకుందాం.

పైన్‌నీడ
@బ్రహ్మజెముడు, ఆ దారిలో ఎండదెబ్బకి ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. అడిగింది 63 ఏళ్ళ నాన్నగారి గురించి. మీ పతకం మీ దగ్గరే ఉంచుకోండి.

సగంకొండ
ముందు రోజు రాత్రి ఐడిల్‌వైల్డ్ ఊళ్ళో పడుకుంటే? అయిదు వేల అడుగుల పైనే ఉంటుంది కదా, కాస్త అలవాటవుతుంది.

హెమెట్_నర్సు
ఆలోచన మంచిదే, కానీ ఐడిల్‌వైల్డ్ కొండకి ఆ పక్క. పొద్దున్నే కొండంతా చుట్టి ట్రామ్ దగ్గరికి రావాలి. దానికన్నా లాంగ్ వ్యాలీలో అరగంట కూర్చుని ఇడ్లీ తిని మెల్లగా బయల్దేరడం నయం.

ఇర్వైన్_అబ్బాయి
సరే, శనివారానికి మారుస్తాను. 8 కారు. మరి శిఖరం మాటేంటి?

పైన్‌నీడ
వెల్‌మన్ డివైడ్‌కి గడువు పెట్టుకోండి. రౌండ్ వ్యాలీ పచ్చిక దాకా రెండు మైళ్ళు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత మైలు నిటారు. డివైడ్ ఎక్కగానే దక్షిణం వైపు లోకం ఒక్కసారిగా తెరుచుకుంటుంది, టాక్విట్జ్ పీక్ ఎదురుగా. పదకొండున్నరకి అక్కడికి చేరి, నాన్నగారు మాట్లాడుతూ నడుస్తుంటే, ముందుకెళ్ళండి. తలనొప్పి అంటే టైమెంతైనా వెనక్కి.

కొండదారి
అక్కడికి వెళ్ళి వెనక్కి తిరగడమా! అసలు మజా అంతా ఆ తర్వాతే. కొన కింద రాతిగుడిసె ఉంటుంది, 1930లలో కట్టింది, తుపానులో చిక్కినవాళ్ళకి ఆసరా. అక్కణ్ణుంచి దారి పోయి బండరాళ్ళు వస్తాయి, చేతులు కూడా వాడాలి. పైన నిలబడితే అటు సాల్టన్ సీ సరస్సు, ఇటు శాన్ గోర్గోనియో కొండ. ఆయన మళ్ళీ ఎప్పుడొస్తారు అమెరికా?

హెమెట్_నర్సు
ఆ "మళ్ళీ ఎప్పుడొస్తారు" అన్న మాటే ప్రమాదం. ఆ మాట చెప్పి తీసుకెళ్తే, ఒంట్లో బాగోలేకపోయినా కొడుకు ముందు నోరు విప్పరు మన నాన్నలు. "ఏం లేదురా, పద" అంటారు. పేరు, తేదీ, ఏ పూట తిన్నారు లాంటివి మధ్యమధ్యలో అడుగుతూ ఉండండి. జవాబు తడబడితే మీకే తెలుస్తుంది.

కొండదారి
అది ఒప్పుకుంటాను. కానీ గడువు పదకొండున్నర మరీ తొందర, పన్నెండు చేయండి.

పైన్‌నీడ
పదకొండున్నరే. పైకి ఇంకో రెండున్నర మైళ్ళుంది, పెద్దాయన కాళ్ళకి అది రెండు గంటలు.

ఇర్వైన్_అబ్బాయి
అమ్మ లాంగ్ వ్యాలీలోనే ఉంటానంటోంది, డెజర్ట్ వ్యూ దారిలో ఒకటిన్నర మైళ్ళ చుట్టు చాలట. మా ఆవిడ ఆమెతో. నాన్నకి గడువు సంగతి చెప్పాను, "చూద్దాంలే" అన్నారు. రౌండ్ వ్యాలీలో కొళాయి ఉందంటారు, నీళ్ళు తక్కువ మోయొచ్చా?

సగంకొండ
దాన్ని నమ్ముకోవద్దు బ్రో, సీజన్‌ని బట్టి కట్టేస్తారు, వచ్చినా శుద్ధి చేసుకునే తాగాలి. మనిషికి మూడు లీటర్లు కిందనుంచే తీసుకెళ్ళండి. కింద ఎండ చూసి నాన్నగారికి పల్చటి చొక్కా వేయకండి, పైన ముప్ఫై నలభై డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటుంది. తలకి కట్టుకునే టార్చి ఇద్దరికీ. వారం ముందు మంచు పడిందేమో రేంజర్ స్టేషన్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. పడితే మాత్రం వెల్‌మన్ దాటే మాటే లేదు.