పదో తరగతి తర్వాత చేనేత డిప్లొమా: పిల్లాణ్ణి పంపాలా, వద్దా?

శ్రీకాకుళం అమ్మ
మా అబ్బాయి పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. అందరం ఇంటర్ ఎంపీసీ అనుకుంటుంటే, వాడేమో వెంకటగిరి చేనేత సాంకేతిక సంస్థలో 3 ఏళ్ల డిప్లొమా చేస్తానంటున్నాడు. పొందూరులో ఖద్దరు నేయడం చూసినప్పటి నుంచి అదే ధ్యాస. మాది నేత కుటుంబం కాదు, మా ఆయనది ఉద్యోగం. తెలిసినవాళ్లు చెప్పండి.

రాజాం మాస్టారు
తప్పకుండా పంపండమ్మా. నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. వెంకటగిరిలో నేర్పేది మగ్గం ఆడించడం ఒక్కటే కాదు. నూలు లక్షణాలు, రంగుల రసాయనం, డిజైను, బట్ట నాణ్యత పరీక్షలు, అన్నీ ఉంటాయి. పైకి చదవాలంటే సేలం చేనేత సంస్థలో బీటెక్ ఉంది. మన జిల్లాల్లో పిల్లలందరూ కంప్యూటర్ సైన్స్ ఒక్కటే చదువనుకుంటున్నారు. పక్కనే నైరాలో వ్యవసాయ కళాశాల ఉంది. విశాఖ మారిటైమ్ యూనివర్సిటీలో ఓడల డిజైను మీద బీటెక్ ఉంది. ఆ ప్రవేశ పరీక్ష పేరు కూడా మన ఇంటర్ పిల్లలకు చెప్పేవాళ్లు లేరు.

గ్రూప్స్ పట్టుదల
ఒక్క మాట. డిప్లొమా డిగ్రీ కాదు. గ్రూప్-2 రాయాలంటే డిగ్రీ ఉండాలి.

విజీనగరం వీణ
మా ఊళ్లో మహారాజా సంగీత కళాశాల 1919 నుంచి ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల, సుశీల అక్కడే చదివారు. అప్పుడు కూడా సంగీతం కూడు పెడుతుందా అనే ఉంటారు ఇంట్లోవాళ్లు.

నాగావళి ఒడ్డు
ఘంటసాల ఒక్కడేనండీ. మిగతావాళ్ల సంగతి ఎవరు చెబుతారు? అమ్మా, పంపకండి. మాది పొందూరు దగ్గరే. మా అమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకి, రాట్నం ముందు కూర్చుని మమ్మల్ని పెంచింది. ఇప్పుడు ఆమెకు నడుము నిలబడదు. నేను ఆ ఇంట్లోంచి బయటపడడానికి బీటెక్ చేశాను.

గ్రూప్స్ పట్టుదల
డిగ్రీ కాదన్న దానికి జవాబు రాలేదు.

రాజాం మాస్టారు
తమ్ముడూ, సేలం బీటెక్ డిగ్రీయే. పైన రాశాను. నాగావళి గారూ, బీటెక్ చేస్తే బయటపడతారన్నది అందరి విషయంలో నిజం కాదు. మా మేనల్లుడు పేరున్న ప్రైవేటు కాలేజీలో చేరాడు. ల్యాబ్‌లో యంత్రాలకు తాళాలు, ప్రాజెక్టు రిపోర్టు బయట కొనుక్కోమన్నారు. ఇప్పుడు హైదరాబాదులో చదువుకు సంబంధం లేని పని. ఫీజు అప్పు ఇంకా తీరలేదు.

నాగావళి ఒడ్డు
మీ మేనల్లుడి కాలేజీ బాగాలేకపోతే మా పిల్లలు మగ్గం గుంటలో దిగాలా? ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పండి. మీ పిల్లలేం చదివారు?

రాజాం మాస్టారు
పెద్దవాడు సాఫ్ట్‌వేర్. అమ్మాయి విజయనగరంలో గాత్రం డిప్లొమా చేసి స్కూల్లో సంగీతం చెబుతోంది. జీతం తక్కువే. అయినా ఆ పిల్లను నేను ఆపలేదు. నన్ను అనుమానించే ముందు అడగాల్సింది.

నాగావళి ఒడ్డు
అడిగాను కదండీ. ఆ జీతం తక్కువైనా మీ ఇల్లు గడుస్తుంది, ఎందుకంటే మీకు పెన్షన్ ఉంది, పెద్దవాడి జీతం ఉంది. మా ఇంట్లో ఒక్కరి చదువు తప్పితే చెల్లెలి పెళ్లి ఆగిపోతుంది. నా బాధ అదీ. కళ బతకాలి, చేనేత బతకాలి అని సభల్లో చెప్పేవాళ్లు ఆ బరువు మళ్లీ మా పిల్లల మీదే పెడతారు. డిప్లొమా చేసినవాడు ఆఫీసులో డిజైన్ గీస్తాడు. నూలు వడికే మా అమ్మకు కూలి ఎవరు పెంచుతారు?

పలాస ప్రయాణం
ఈ మాట మొదట్లోనే రాయాల్సింది.

రాజాం మాస్టారు
మీ కోపంలో న్యాయం ఉంది. కానీ కూలి పెరగాలంటే నూలు ఎంత సన్నమో, ఎన్ని గంటల పనో కాగితం మీద చూపించగలిగినవాడు ఆ ఆఫీసులో ఉండాలి. పని తెలియనివాడు ఆ కుర్చీలో కూర్చుంటే ధర ఎప్పుడూ దళారీ చెప్పిందే.

నాగావళి ఒడ్డు
అయితే ఈ అమ్మగారి అబ్బాయిని పంపండి. నేనిప్పుడు వద్దనను. తండ్రికి ఉద్యోగం ఉంది, చదువు కలిసిరాకపోయినా ఇల్లు కూలదు. ఇలాంటి ఇళ్ల పిల్లలే రావాలి. మా తమ్ముడికి మాత్రం ఈ సలహా ఇవ్వకండి. వాడు ఇంటరే చదువుతాడు. ఇంకోటి అమ్మా, మీ వాడు చేరేముందు పొందూరులో ఒక్క పూట చూసి వచ్చేయడం కాదు. సెలవుల్లో ఎవరి ఇంట్లోనైనా పత్తి ఏకడం దగ్గర నుంచి పని చేయించండి. ఆ తర్వాత కూడా కావాలంటే అప్పుడు నమ్మండి. కావాలంటే మా పిన్ని వాళ్ల ఇంట్లో అడుగుతాను.

గ్రూప్స్ పట్టుదల
సేలంలో సీటు రాకపోతే డిప్లొమాతో గ్రూప్-2 రాయలేరు. నా మాట అదే.

శ్రీకాకుళం అమ్మ
నాగావళి గారూ, పిన్ని గారిని అడగండి. వాడిని ఈ ఆదివారమే తీసుకొస్తాను. పిల్లాడు పని చేస్తే కూలి అడగడు, వాళ్ల పనికి అడ్డం అయితే మేమే ఇస్తాం. మాస్టారూ, వెంకటగిరి మనకు రాష్ట్రం ఆ చివర. హాస్టల్ ఎలా ఉంటుందో, అక్కడ చదివిన పిల్లలెవరైనా మీకు తెలిస్తే చెప్పండి. మా ఆయన ముందు అదే అడుగుతున్నారు.