పెద్ద పాత ఇల్లు అమ్మకానికి ఉంది, ఆధునికీకరణ కావాలట. కొనేముందు ఏమేం చూడాలి?

ప్రశ్న

మా ఇంట్లో ఆరుగురం: అమ్మ, నాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఇప్పుడున్న అద్దె ఇంట్లో అమ్మానాన్నలకు విడిగా గది లేదు. ‘విశాలమైన కుటుంబ గృహం, ఆధునికీకరణ అవసరం’ అన్న ప్రకటన చూసి ఒక ఇంటికి వెళ్లాం. రెండంతస్తుల ఇటుక కట్టడం. కింద మూడు గదులు, పైన మూడు, వెనుక ఖాళీ స్థలంలో ఒక రేకుల పాక, ప్రహరీ పక్కన పెద్ద చెట్టు. కట్టి అరవై ఏళ్లు దాటింది. కొన్నాళ్లుగా తాళం వేసే ఉంది.

లోపల ఎత్తైన కప్పు, ప్రతి గదికీ రెండు వైపులా కిటికీలు. పిల్లలు అప్పుడే ఎవరి గది ఏదో పంచేసుకున్నారు. నాకూ ఇల్లు బాగా నచ్చింది, అందుకే భయంగా ఉంది.

కంటపడినవి చెబుతాను. ముందు హాలుకు ఈ మధ్యనే రంగు వేశారు. దాని వెనుక గదిలో బయటి గోడ నడుము ఎత్తు వరకు పెచ్చులూడి, తెల్లటి పొడి రాలుతోంది. పైగది కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు ఉంది. స్విచ్చులు పాతకాలం నల్లవి, ఫ్యూజులు తీగ కట్టేవి. కొళాయి తిప్పితే మొదట ఎర్రటి నీళ్లు వచ్చాయి. స్నానాలగది పైఅంతస్తులో మాత్రమే ఉంది. వంటగది ఇరుకు, దానికీ భోజనాల గదికీ మధ్య గోడ తీసేస్తే చాలా బాగుంటుందని మా ఆవిడ అభిప్రాయం.

మాకు తెలిసిన మేస్త్రి ఒకాయన వచ్చి చూసి, ‘అన్నీ పైపై పనులే, రెండు నెలల్లో అయిపోతాయి’ అన్నారు. ముందు వంటగది చేయించుకుని చేరిపోయి, మిగతావి మెల్లగా చేయించుకుందామని మా ఆలోచన. ఇది సరైనదేనా?

జవాబు (సివిల్ ఇంజనీరు)

పాత ఇళ్లను కూల్చకుండా బాగుచేయించడమే నా పని. మీరు ఎంత వివరంగా రాశారంటే, ఆ ఇంట్లో నడుస్తున్నట్టే ఉంది. మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను: వంటగది ముందు వద్దు. ఆ కొత్త అలమరాల వెనుక గోడలోనే నీళ్ల గొట్టాలు, కరెంటు తీగలు పోతాయి. వాటిని తర్వాత మార్చాలంటే కొత్త పనినే పగలగొట్టాలి. పైకప్పు, వాననీటి దారి, గోడల బలం, ఆ తర్వాత గొట్టాలు, తీగలు, ఆపైన గచ్చు, పూత, అన్నింటికంటే చివర వంటగది, రంగులు. ఈ వరుస తిరగబడితే ఒకే పనికి రెండుసార్లు డబ్బు పెడతారు.

ఇప్పుడు ఆ పెచ్చులూడిన గోడ. మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. నేలలోని తేమ ఇటుక సన్న రంధ్రాల గుండా పైకి పాకితే సాధారణంగా ఒక మీటరు లోపే ఆగుతుంది. ఆ నీరు ఆరేచోట ఉప్పు మిగులుతుంది, మీరు చూసిన తెల్లపొడి అదే. నడుము ఎత్తు, తెల్లపొడి రెండూ దానికి సరిపోతున్నాయి. అంతమాత్రాన గోడలో రంధ్రాలు చేసి మందు ఎక్కిస్తామనేవాళ్లను పిలవకండి. ముందు బయటికి వెళ్లి అదే గోడను అవతలి వైపు నుంచి చూడండి. పునాది మీద తేమను ఆపడానికి ఒక పొర వేస్తారు. బయటి నేల దానికంటే కనీసం 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు దిగువన ఉండాలి. పాత ఇళ్ల చుట్టూ ఏళ్ల తరబడి మట్టి పోసి, రాళ్లు పరిచి, నేల పెరుగుతుంది. ఒక్కోసారి ఆ పొరనే కప్పేస్తుంది. అలా అయితే గోడకు మందు కాదు, పార కావాలి. మిద్దె మీది నీళ్లు దిగే గొట్టం ఆ గోడ దగ్గరే పడుతోందా, గోడలో ఏదైనా గొట్టం కారుతోందా అన్నదీ చూడండి. వాన కురుస్తున్నప్పుడు వెళ్తే అమ్మేవాళ్లు చెప్పని సంగతులు కూడా తెలుస్తాయి.

ఆ గోడకు పాత సున్నపు గిలాబా ఉండి, దాని మీద ఎవరైనా సిమెంటు పూశారేమో చూడండి. సున్నం తేమను బయటికి వదులుతుంది. సిమెంటు లోపలే పట్టి ఉంచుతుంది, అప్పుడు తేమ ఇంకా పైకి ఎక్కుతుంది. కొత్తగా రంగు వేసిన ముందు హాలును కూడా అనుమానించండి. అక్కడా కింది భాగాన్ని అరచేత్తో నొక్కి, వేలితో కొట్టి చూడండి. ఉబ్బిన చోట బోలుగా మోగుతుంది. తేమ కొలిచే చిన్న పరికరం అంకెను ఒక్కదాన్నే నమ్మవద్దు, ఉప్పు ఉన్న గోడ మీద అది ఎక్కువ చూపిస్తుంది.

తేమ వచ్చే దారి మూసేశాక కూడా గోడ వెంటనే ఆరదు. పని వాళ్లలో ఉన్న లెక్క ఏమిటంటే, అంగుళం మందానికి సుమారు ఒక నెల. తొమ్మిదంగుళాల గోడకు ముప్పావు సంవత్సరం పట్టవచ్చు. మేస్త్రిగారి రెండు నెలలు ఇక్కడే కుదరవు. తడి గోడ మీద పూత వేసి రంగు వేస్తే, మరుసటి సంవత్సరం మీరు చూసింది మళ్లీ చూస్తారు.

పగులు సంగతి. వెడల్పు కొలవండి. రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలుగా పూతతో పోతుంది. అయిదు దాటితే ఇంజనీరు స్వయంగా చూడాలి. పదిహేను దాటితే ఆ గోడ భాగాన్నే తిరిగి కట్టాల్సి రావచ్చు. వెడల్పు కంటే ముఖ్యమైనది అది ఇంకా కదులుతోందా అన్నది. పాత పగులు, లోపల దుమ్ము పట్టి, అంచులు మొద్దుబారి ఉంటే ఎప్పుడో ఆగిపోయి ఉండవచ్చు. పూడ్చిన చోటే మళ్లీ విచ్చుకుంటే కదులుతున్నట్టు. రెండు చివరలా పెన్సిల్‌తో గీత పెట్టి తారీఖు రాయండి. పగులుకు అడ్డంగా ఒక సన్న గాజుపలక అంటించవచ్చు, గోడ కదిలితే పలక చిట్లుతుంది.

చెట్టు ఎంత దూరంలో ఉంది, నేల బంకమట్టిదా? వేళ్లు నీరు తాగితే బంకమట్టి కుంచించుకుని, పునాది ఒక పక్క దిగుతుంది. కానీ దయచేసి వెంటనే ఆ చెట్టు కొట్టించకండి. చెట్టు పోయాక అదే మట్టి నీరు పట్టి ఉబ్బి, ఇంటిని పైకి తోస్తుంది. పగులుకు కారణం తేలేదాకా చెట్టు అలాగే ఉండాలి.

ఇక వంటగది గోడ. అది బరువు మోసేదా కాదా అన్నది గుద్ది చూస్తే తెలియదు. సరిగ్గా దాని మీద పైఅంతస్తులో గోడ ఉందా, కప్పు దూలాలు ఏ వైపు పరిచారు, దూలం చివర ఆ గోడ మీద ఆనుతోందా అన్నది చూడాలి. ఆ కాలపు ఇటుక ఇళ్లలో లోపలి గోడల్లో ఎక్కువ భాగం బరువు మోసేవే. తీయాలంటే ముందు ఊతకర్రలు పెట్టి కప్పును ఆపి, లెక్కగట్టిన దూలం వేసి, దాని రెండు చివరల కింద గట్టి ఆసరా కట్టాలి. చేయవచ్చు, కానీ అది పైపై పని కాదు. గోడ ఉంచేసి, గుమ్మం వెడల్పు చేసి, నడుము ఎత్తులో ఒక పెద్ద కిటికీలాంటి ఖాళీ విడిచినా వెలుతురు వస్తుంది. దానికీ పైన దూలం కావాలి కానీ చిన్నది సరిపోతుంది.

ఇదంతా చదివి వెనక్కి తగ్గాలనుకోవద్దు. రెండు వైపులా కిటికీలున్న ఎత్తైన గదులు కొత్త ఇళ్లలో డబ్బిచ్చినా దొరకడం కష్టం. నాకు ఇలాంటి ఇళ్లంటే ప్రాణం.

జవాబు (విద్యుత్ పని చేసేవాణ్ని)

ఇంజనీరుగారు తీగల సంగతి వదిలేశారు కాబట్టి రాస్తున్నాను. నల్ల స్విచ్చులు, తీగ కట్టే ఫ్యూజులు ఉన్నాయంటే లోపలి తీగలకు రబ్బరు తొడుగో, దాని మీద గుడ్డ అల్లికో ఉండే అవకాశం ఎక్కువ. కదపనంత కాలం బాగానే కనిపిస్తుంది. స్విచ్చు విప్పి తీగ వంచగానే రబ్బరు పొడిగా రాలి, రాగి బయటపడుతుంది. అందుకే స్విచ్చులు, బోర్డులు మాత్రమే మార్చి ‘కొత్త వైరింగు’ అనిపించుకోవద్దు. 500 వోల్టులతో పరీక్షిస్తే తీగల తొడుగు నిరోధం, అంటే కరెంటు బయటికి కారకుండా ఆపే శక్తి, కనీసం ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) రావాలి. అది రాని తీగ పనికిరాదు. వచ్చినా ఎర్తు లేకపోతే నేనైతే మొత్తం మార్చమనే చెబుతాను. కొత్త బోర్డులో 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే పరికరం తప్పకుండా పెట్టించండి. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నారు.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. పాత ఇళ్లలో ఎర్తు తీగను ఇనుప నీళ్ల గొట్టానికే కట్టేవారు. మీకు ఎర్రటి నీళ్లు వచ్చాయంటే ఆ గొట్టాలు లోపల తుప్పుపట్టాయి, ఎలాగూ మారుస్తారు. వాటి స్థానంలో ప్లాస్టిక్ వేసిన రోజే ఇంటికి ఎర్తు పోతుంది. ఎవరికీ తెలియదు, దీపాలు యథాప్రకారం వెలుగుతూనే ఉంటాయి. గొట్టాల పని, తీగల పని చేసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా మీరే చూడాలి.

గోడలు కోసేది ఒక్కసారే. పూతకు ముందే ఏ మంచం ఎక్కడ, ఏ బల్ల ఎక్కడ అని నేల మీద సుద్దముక్కతో గీసి, ప్లగ్గులు ఎక్కడ కావాలో చూపించండి.

జవాబు (ఇలాంటి ఇంట్లోనే ఉంటున్నాం)

మా అత్తగారితో కలిసి ఉంటాం కాబట్టి మీ అమ్మానాన్నల గురించి రెండు మాటలు. స్నానాలగది పైన మాత్రమే ఉంటే కింద ఒకటి కట్టడం తప్పనిసరి పని, తర్వాత చూద్దాం అనుకునేది కాదు. వంటగది గోడకు వెనుక ఆనుకుని కడితే నీళ్లు వచ్చే గొట్టాలు, పోయే గొట్టాలు దగ్గరవుతాయి. నాలుగంగుళాల మురుగు గొట్టానికి నలభై అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలి, కాబట్టి స్థలం ముందే కొలిపించండి. గుమ్మం 900 మిల్లీమీటర్లు, లోపల చక్రాల కుర్చీ తిరగడానికి మీటరున్నర ఖాళీ పెట్టించాం. మా అత్తగారు ఇప్పుడు చక్కగా నడుస్తున్నారు, అయినా ఆ ఖాళీ ఆవిడకు నచ్చింది.

పిల్లలున్నారు కాబట్టి ఇంకొకటి. అన్నేళ్ల కిందటి తలుపుల రంగులో సీసం ఉండవచ్చు. ఉప్పుకాగితంతో పొడిగా రుద్దించకండి, ఆ దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. తడిపి తీయించండి, లేదా గట్టిగా ఉన్న రంగు మీదే కొత్త పూత వేయించండి. ఆ పాక రేకులు ఇనుపవా, సిమెంటువా?

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మొన్న వానలో మళ్లీ వెళ్లాం. మిద్దె మీది గొట్టం ఆ పెచ్చులూడిన గోడ మొదట్లోనే పడుతోంది, కింద మోకాలి ఎత్తున నీటి చిందులు. బయటి నేల లోపలి గచ్చుతో దాదాపు సమంగా ఉంది. పగులు వెడల్పైన చోట మూడు మిల్లీమీటర్లు, లోపల నల్లగా దుమ్ము ఉంది. పెన్సిల్ గీతలు పెట్టి వచ్చాం. వంటగది గోడ మీద సరిగ్గా పైన కూడా గోడ ఉంది. పాకవి అలలుగా ఉన్న సిమెంటు రేకులు. ఇంటివారు మంచివాళ్లు, ఏం చూసుకోవాలన్నా చూసుకోమన్నారు. ఇప్పుడు ధర మాట్లాడటం ఎలా?

జవాబు (సివిల్ ఇంజనీరు)

చాలా మంచి కబురు. గొట్టాన్ని దూరంగా మళ్లించడం, నేల తవ్వి దించడం రెండూ చౌకైన పనులు. పగులు మూడు మిల్లీమీటర్లు, పాతది అంటున్నారు కాబట్టి కంగారు లేదు, కానీ ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గీతలు గమనిస్తూ ఉండండి. పైన గోడ ఉందంటే వంటగది గోడ బరువు మోస్తున్నట్టే, గుమ్మం పెంచడంతో సరిపెట్టుకోమని మీ ఆవిడకు నా మాటగా చెప్పండి.

ఆ సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, దాని సన్నని నార దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. విరగ్గొట్టవద్దు, రంధ్రాలు వేయవద్దు, ఊడ్చవద్దు. ఆ పని తెలిసినవాళ్లతోనే చిన్న ముక్క తీయించి పరీక్షకు ఇప్పించి, ఉందని తేలితే వాళ్లతోనే తడిపి, రేకు రేకుగా దింపించండి.

ధరకు ముందు అంచనాను రెండుగా రాయించండి. ఆ ఇంట్లో క్షేమంగా ఉండటానికి తప్పనిసరైనవి ఒక కాగితం మీద: వాననీరు, తీగలు, ఎర్తు, గొట్టాలు, కింది స్నానాలగది, రేకులు. మీకు నచ్చినట్టు మార్చుకునేవి ఇంకో కాగితం మీద: వంటగది, గచ్చు, రంగులు. మొదటిదే ఇంటివారి ముందు పెట్టండి. రెండోది మీ ఇష్టం, దాని ఖర్చు వాళ్ల మీద వేయడం న్యాయం కాదు. మొదటి మొత్తానికి పదిహేను నుంచి ఇరవై శాతం కలిపి పక్కన ఉంచుకోండి, పాత గోడ విప్పితే ఏదో ఒకటి బయటపడుతుంది.

సంతకాలకు ముందు ఇంకో రెండు. ఇంటి మీద హక్కున్న వారసులందరూ సంతకం చేస్తున్నారా, తర్వాత కట్టిన భాగాలకు అనుమతి ఉందా అని న్యాయవాదితో చూపించండి. మురుగు గుంత మూత తీయించి, పైఅంతస్తు స్నానాలగదిలో ఒక బకెట్ రంగునీళ్లు పోసి, ఎంతసేపటికి ఎంత వస్తుందో చూడండి. ఆ చెట్టు గొట్టాలకు దగ్గరగా ఉంటే వేళ్లు ముందుగా చేరేది గొట్టాల అతుకుల్లోకే. నీళ్లు ఆగి ఆగి వస్తే గొట్టంలోకి కెమెరా పంపించి చూడమనండి, ఆ ఖర్చు మొదటి కాగితంలో చేర్చండి.