సందేహం: పాత జోకే అని పాత్ర చేత ఒప్పించినా నవ్వు రావట్లేదు. ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం నలుగురం మాసబ్‌ట్యాంక్‌లో యానిమేషన్ చదువుకుని, ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు ఒక కామెడీ సిరీస్ తీస్తున్నాం. ఎపిసోడ్‌కు ఆరు నిమిషాలు. ఉప్పల్‌లో ఒక అపార్ట్‌మెంటు, దాని సెక్రటరీ, వాచ్‌మన్, మూడో అంతస్తు బామ్మ. సెక్రటరీ ఏ కష్టం వచ్చినా “నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కినప్పుడు కూడా ఇంత భయపడలేదు” లాంటి మాట అంటాడు. వెంటనే కట్ చేసి ఆ సీన్ చూపిస్తాం, కటవే అంటారే, అది.

మొదటి ఎపిసోడ్‌కు అందరూ పడిపడి నవ్వారు. నాలుగోదానికి వచ్చేసరికి సెక్రటరీ నోరు తెరవగానే మా అమ్మ “ఇప్పుడు ఫ్లాష్‌బ్యాక్” అనేసింది. మనమే ముందు ఒప్పేసుకుంటే సరిపోతుంది కదా అని, ఐదో ఎపిసోడ్‌లో వాచ్‌మన్ చేత “సార్, మళ్లీ అదేనా?” అనిపించాం. అదీ పేలలేదు. ఆరోది వచ్చే వారం స్టోరీబోర్డుకు (సీన్లను వరసగా బొమ్మల్లో గీసుకోవడానికి) వెళ్లాలి, చాలా టెన్షన్‌గా ఉంది. కటవేలు మొత్తం తీసేయాలా?

జవాబు

పదేళ్లుగా స్టోరీబోర్డులు వేస్తున్నాను తమ్ముడూ. మొత్తం తీసేయకు. ముందు ఒక పని చెయ్యి. స్క్రిప్టులో కటవే ఉన్న నాలుగు లైన్ల మీద అరచెయ్యి పెట్టి మిగతాది చదువు. కథకు ఏ లోటూ లేదంటే ఆ కటవే దేనికీ ముడిపడలేదన్నమాట. 1999లో మొదలైన, కటవేలకు పేరుపడ్డ అమెరికన్ కార్టూన్ ఫ్యామిలీ గై మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. 2006లో సౌత్ పార్క్ అనే మరో కార్టూన్ వాళ్లు రెండు భాగాల కథలో దీన్నే పట్టుకున్నారు. అందులో ఫ్యామిలీ గై జోకులు రాసేది మనుషులు కాదు, తొట్టిలో ఉన్న మానటీలు (సముద్రపు ఆవుల్లాంటి నీటి జంతువులు). అవి తోచిన బంతులు ఎంచి ఇస్తే, బంతుల మీదున్న మాటలు కలిపితే జోకు తయారవుతుంది. నీ సెక్రటరీ జోకును వాచ్‌మన్‌కు ఇచ్చినా తేడా తెలియకపోతే నువ్వూ బంతులే కలుపుతున్నట్టు లెక్క.

ఇక తనను తానే వెక్కిరించుకోవడం సంగతి. ది సింప్సన్స్ అనే అమెరికన్ కార్టూన్ సిరీస్‌లో 1997 ఫిబ్రవరిలో వచ్చిన పూచీ ఎపిసోడ్ దొరికితే పెన్ను పట్టుకుని చూడు. ఆ ఎపిసోడ్‌తో వాళ్లు పాత కార్టూన్ సిరీస్ ది ఫ్లింట్‌స్టోన్స్ 166 ఎపిసోడ్ల లెక్కను దాటారు. సిరీస్ పాతబడిందన్న మాటనే కథ చేసుకున్నారు. లోపల నడిచే పిల్లి, ఎలుక కార్టూన్‌కు చూసేవాళ్లు తగ్గుతారు, చానల్ వాళ్లు పూచీ అనే కొత్త కుక్కను తెచ్చి అతికిస్తారు. అదే సమయంలో సింప్సన్ల ఇంట్లో కూడా రాయ్ అనే కుర్రాడు ఏ వివరణా లేకుండా తిరుగుతుంటాడు! అయితే నన్ను పట్టుకున్నది ఆ వెక్కిరింత కాదు. పూచీకి గొంతు ఇచ్చేది సింప్సన్ల ఇంటి తండ్రి హోమర్. తన కుక్కను చంపేస్తున్నారని తెలిసి, రికార్డింగ్‌లో స్క్రిప్టు పక్కన పెట్టి, దానికి ఇంకో అవకాశం ఇవ్వమని బతిమాలతాడు. తీరా ప్రసారంలో చూస్తే ఆ మాటలు లేవు, పూచీ తన గ్రహానికి వెళ్లిపోయాడని చెప్పి ముగించేస్తారు. వెక్కిరింత మధ్యలో ఒక మనిషి నిజంగా దెబ్బతిన్నాడు. నీ వాచ్‌మన్ “మళ్లీ అదేనా?” అన్నప్పుడు ఎవరికి ఏం పోయింది? ఎవరికీ ఏమీ పోలేదు. తప్పు తెలుసని చెప్పావంతే, దిద్దలేదు.

మరొకరు

అన్నా, జోకు తిరిగి రావడమే తప్పన్నట్టు చెప్పకండి. మాది అనంతపురం వైపు. తోలుబొమ్మలాటలో బంగారక్క, జుట్టుపోలిగాడు రామాయణం మధ్యలో వస్తారు, కథతో సంబంధమే ఉండదు. అయినా జనం వాళ్ల కోసమే మేలుకొని కూర్చుంటారు.

జవాబు

నిజం. నేను చెప్పాల్సిన మాట మీరు చెప్పారు. అయితే వాళ్లు తెచ్చేది ఆ ఊరి సంగతులు. మనుషులు పాతవాళ్లే, మాట ఆ రోజుది. 1993లో సింప్సన్స్‌లో సైడ్‌షో బాబ్ అనే విలన్ వరసగా తొమ్మిదిసార్లు రేక్‌ల (ఆకులు ఊడ్చే పళ్ల కర్రల) మీద కాలేస్తాడు, ప్రతిసారీ కర్ర వచ్చి మొహానికి తగులుతుంది. ఎపిసోడ్ నిడివి చాలక పెంచిన గ్యాగ్ అది. నాలుగోసారికి విసుగు, ఏడోసారికి మళ్లీ నవ్వు. ఎందుకంటే అతను మహా చదువరి, గర్విష్ఠి. అదే హోమర్ అల్లరి కొడుకు బార్ట్ తొక్కితే రెండోసారికే అయిపోయేది.

తమ్ముడూ, బామ్మ సంగతి కూడా చూసుకో. ఐదు ఎపిసోడ్లలో ఆమె ఆవకాయ తప్ప వేరే మాట మాట్లాడిందా? సింప్సన్స్‌లోనే నెడ్ ఫ్లాండర్స్ మొదట్లో మంచి పొరుగువాడు, భక్తి అతనిలో ఒక భాగం. పోనుపోను భక్తి ఒక్కటే మిగిలింది. పాత్ర అలా ఒక్క గుణానికి కుంచించుకుపోవడానికి ఫ్లాండరైజేషన్ అని అతని పేరే పెట్టారు.

ప్రశ్న అడిగినవారు

చెయ్యి పెట్టి చదివాను. ఐదు కటవేల్లో నాలుగు లేకపోయినా కథ నడిచిపోతోంది, తీసేశాం. బ్యాక్‌గ్రౌండ్లు గీసే మా వాడు ఊపిరి పీల్చుకున్నాడు, ఒక్కో కటవేకు కొత్త లొకేషన్, కొత్త మనుషులు కదా. జెయింట్ వీల్ మాత్రం మాకు ప్రాణం. దాన్నెలా నిలబెట్టాలి? ఈ ఎపిసోడ్ కథ నీళ్ల ట్యాంకర్ గురించి.

జవాబు

కటవే నడిచే పన్నెండు సెకన్లు అపార్ట్‌మెంటులో కూడా గడవనివ్వు. సెక్రటరీ జెయింట్ వీల్ గురించి చెప్పుకుంటూ ఉంటాడు. మనం తిరిగొచ్చేసరికి గేటు ముందు ట్యాంకర్ లేదు. అతని చేతిలో రసీదు అలాగే ఉంటుంది. ఇప్పుడు వాచ్‌మన్ “సార్, మళ్లీ అదేనా?” అంటే దానికి బరువుంటుంది, ఎందుకంటే బిందెలు మోయాల్సింది అతనే. ఇంకొక్క మాట: ఆ రోజు నుమాయిష్‌లో బామ్మ కూడా ఉందేమో ఆలోచించు. సెక్రటరీ చెప్పేది ఒకటి, ఆమె చూసింది ఇంకొకటి.

ప్రశ్న అడిగినవారు

బామ్మ సలహాను ఏడో ఎపిసోడ్‌కు దాచుకున్నాం. ట్యాంకర్‌ది మాత్రం నిన్న రాత్రి గరుకు గీతలతోనే యానిమాటిక్ (బొమ్మలను టైమింగ్‌తో పేర్చిన ముసాయిదా వీడియో) చేసి ఇంట్లో చూపించాను. సెక్రటరీ నోరు తెరవగానే అమ్మ ఎప్పటిలాగే “ఫ్లాష్‌బ్యాక్” అంది. తిరిగి గేటు కనిపించగానే ముందుకు వంగి, “అయ్యో, ట్యాంకర్ వెళ్లిపోయిందా?” అని అడిగింది.