ఒక్కపొద్దు మర్నాడు అంత ఆకలి లెప్టిన్ వల్లనేనా?

మాది జడ్చర్ల. మా అత్తమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉంటది. పగలంతా చాయ్ మీదనే, రాత్రికి ఒక జొన్న రొట్టె, ఇంత పెరుగు. ఆదివారం లేవంగనే మాత్రం ఆకలికి ఆగలేదు, కంచం నిండ అన్నం పెట్టుకుంటది. నడుం చుట్టుకొలత అంతే ఉంది.

1994లో కనిపెట్టిన, ఆకలిని తగ్గించే హార్మోన్ లెప్టిన్‌ను కొవ్వు కణాలే విడుదల చేస్తయని, పస్తుంటే కొవ్వు కరగకముందే అది పడిపోయి ఆకలి పెరుగుతదని చదివిన. కొవ్వు కణాల నుంచే వచ్చే ఇంకో హార్మోన్ అడిపోనెక్టిన్ ఏమో బరువు తగ్గితే పెరుగుతది, ఇన్సులిన్‌ను బాగా పనిచేయనిస్తదట.

వారానికి ఒక్కనాటి పస్తుతో అడిపోనెక్టిన్‌ల తేడా వస్తదా? లేక రోజూ రాత్రి అన్నం బదులు రొట్టె తింటేనే నయమా? ఆమె షుగర్ గోళీలు వేసుకుంటది, డాక్టర్‌ను అడగకుండ ఏదీ మార్చం లెండి. లెప్టిన్ టెస్టు చేయించుడు దండుగేనా? తెలిసినోళ్లు చెప్పండి.